పోయినవాడి పేరు, ఉన్నవాళ్ళ పాట

రాక్ సంగీతాభిమానుల్లో ఒక తీర్పు చాలాకాలంగా చెలామణీ అవుతోంది. బృందంలోంచి ఒక ముఖ్యుడు చనిపోతాడు, లేదా తగవు పడి వెళ్ళిపోతాడు. మిగిలినవాళ్ళు మళ్ళీ వాయిద్యాలు చేతబట్టగానే, ఆ కొత్త పాట సాంతం వినకుండానే, "అతడు లేకపోయాక అది ఆ బృందమే కాదు" అని తేల్చేస్తారు. వినడానికి ఈ మాటలో గొప్ప విశ్వాసమూ, గొప్ప విరహమూ ఉన్నట్టు తోస్తుంది. నాకు మాత్రం అందులో బద్ధకం కనిపిస్తుంది. పైగా అది ఉన్నవాళ్ళ శ్రమకు జరిగే అన్యాయం కూడాను.

తాజా ఉదాహరణే చూడండి. లింకిన్ పార్క్ గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ 2017 జూలైలో మరణించాడు. ఏడేళ్ళ తరువాత, 2024 సెప్టెంబరులో, ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే గాయనితో ఆ బృందం తిరిగి వచ్చింది. వెంటనే మొదలైంది గోల. చెస్టర్ చోటులో ఇంకొకరా? అపచారం! తమాషా ఏమిటంటే, అదే సమయంలో ఆ బృందపు వ్యవస్థాపకుల్లో ఒకడైన డ్రమ్మరు రాబ్ బోర్డన్ కూడా తిరిగి రాలేదు. అతని కోసం కంటతడి పెట్టినవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు. అంతకన్నా తమాషా మరొకటుంది. బెన్నింగ్టన్ వ్యవస్థాపకుడు కాడు. ఆ బృందం జీరో అనే పేరుతో ఉన్నప్పుడు మార్క్ వేక్‌ఫీల్డ్ అనే గాయకుడు ఉండేవాడు. అతడు వెళ్ళిపోయాక 1999లో ఆ చోటులోకి వచ్చినవాడు బెన్నింగ్టన్. అంటే, ఎవరి చోటు భర్తీ చెయ్యరానిదని వాదిస్తున్నామో, ఆ మనిషే ఒక భర్తీ.

ఇది ఒక్క లింకిన్ పార్క్ కథే అనుకుంటే పొరపాటు. ఏసీడీసీకి ప్రాణమని చెప్పే బాన్ స్కాట్, 1974లో డేవ్ ఎవాన్స్ వెళ్ళాక వచ్చినవాడు. మెటాలికా ఆత్మ అని చెప్పే క్లిఫ్ బర్టన్, రాన్ మెక్‌గవ్నీ స్థానంలో వచ్చినవాడు. బీటిల్స్‌లో రింగో స్టార్ సైతం 1962 ఆగస్టులో పీట్ బెస్ట్‌ని తప్పించాక వచ్చినవాడే. "అసలు" బృందం అని మనం పూజించేది చాలాసార్లు రెండో బృందమో, మూడోదో. మనకు పరిచయమయ్యేనాటికి ఉన్న రూపాన్ని మనం "అసలు" అంటున్నాం, అంతే. పదిహేనేళ్ళ వయసులో చెవిన పడ్డ రూపానికి శాశ్వతత్వం ఆపాదించడం మానవ సహజమే. కానీ దాన్ని విమర్శ అని పిలవకూడదు.

* * *

ఈ చర్చలో నేను మొదట పేచీ పెట్టేది "ముఖ్యుడు" అన్న మాటతోనే. అభిమానుల లెక్కలో ముఖ్యుడంటే మైకు ముందు నిలబడేవాడు. బృందం లోపలి లెక్క వేరుగా ఉండవచ్చు. లెడ్ జెప్పెలిన్ డ్రమ్మరు జాన్ బోనమ్ 1980 సెప్టెంబరు 25న మరణించాడు. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ ఉన్నాడు, గిటారిస్టు జిమ్మీ పేజ్ ఉన్నాడు, జాన్ పాల్ జోన్స్ ఉన్నాడు. మరో డ్రమ్మర్ని కూర్చోబెట్టి ఊరూరా తిరిగితే జనం రాకపోయేవారా? ఎగబడి వచ్చేవారు. అయినా డిసెంబరు 4న, ఇకపై తాము మునుపటిలా కొనసాగలేమని ప్రకటించి విరమించుకున్నారు. వెనకాల కూర్చుని వాయించేవాడు లేకపోతే ముందు నిలబడేవాడి గొంతుకి ఆసరా ఉండదని వాళ్ళకు తెలుసు. 2007 డిసెంబరు 10న లండన్‌లో ఒక్క పూర్తి కచేరీకి కలిసినప్పుడు ఆ పీట మీద కూర్చున్నది బోనమ్ కొడుకు జేసన్. ఆ తరువాత పర్యటన ఉంటుందని లోకమంతా ఎదురుచూసింది. ఉండలేదు.

అయితే, విరమించుకోవడం ఒక్కటే మర్యాద అని నేను అనను. అలా అంటే పింక్ ఫ్లాయిడ్ ఉండేది కాదు.

సిడ్ బారెట్ సంగతి ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ బృందానికి పేరు పెట్టినవాడు అతడు. 1967లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో పదకొండు పాటలుంటే ఎనిమిది అతనొక్కడే రాసినవి. తొలి రెండు సింగిల్సూ అతనివే. అదే ఏడు చివరికల్లా అతని మనసు అతని అదుపు తప్పింది. వేదిక మీద గిటారు పట్టుకుని శూన్యంలోకి చూస్తూ నిలబడిపోయేవాడు. కేంబ్రిడ్జ్ రోజుల నాటి స్నేహితుడు డేవిడ్ గిల్మోర్‌ను ఐదోవాడిగా తెచ్చుకుని కొన్నాళ్ళు నెట్టుకొచ్చారు. 1968 ఏప్రిల్లో బారెట్ నిష్క్రమణ అధికారికమైంది. అప్పుడు ఆ బృందపు మేనేజర్లు పీటర్ జెన్నర్, ఆండ్రూ కింగ్ ఎటు వెళ్ళారో తెలుసా? బారెట్ వైపు. ఈ నలుగురిలో సరుకు లేదు, ఉన్న సరుకంతా అతనిదే అని వాళ్ళ అంచనా. నేటి "అతడు లేని బృందం బృందమే కాదు" వాదానికి తొలి ప్రవక్తలు ఎవరైనా ఉంటే వాళ్ళే. వ్యాపారం తెలిసినవాళ్ళు, దగ్గరుండి చూసినవాళ్ళు. వాళ్ళ తీర్పు ప్రకారం నడిచి ఉంటే 1973 నాటి "డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" మనకు దక్కేది కాదు.

ఆ ఐదేళ్ళలో ఏం జరిగింది? మొదట్లో గిల్మోర్ వేదిక మీద బారెట్ పాటలు బారెట్ లాగే పాడాల్సి వచ్చింది. అది ఎక్కువ కాలం సాగలేదు, సాగేది కూడా కాదు. బారెట్ ప్రతిభ పొట్టిపాటలో ఉంది. విచిత్రమైన పదాలు, బాలల కథల్లాంటి లోకం, ఉన్నట్టుండి మలుపు తిరిగే వరస, అన్నీ మూడు నాలుగు నిమిషాల్లో. అలాంటి పాట రాయగలవాడు మిగిలినవాళ్ళలో లేడు. అందుకని వాళ్ళు పొడుగుపాట వైపు వెళ్ళారు. రిక్ రైట్ మీటల వాద్యం, నిక్ మేసన్ తొందరలేని తాళం, గిల్మోర్ గిటారులోని దీర్ఘ స్వరాలు, వాటర్స్ ఆలోచన. నలుగురూ కలిసి నెమ్మదిగా కట్టుకున్న ఇల్లది. 1971 నాటి "ఎకోస్" ఇరవై మూడు నిమిషాలు, ఆల్బమ్‌లో ఒక పక్క మొత్తం అదే. లేనివాడి విద్యను అనుకరించడం మానేసి, ఉన్నవాళ్ళకు చేతనైనదేమిటో వెతుక్కున్న రోజునుంచి పింక్ ఫ్లాయిడ్ రెండో జీవితం మొదలైంది.

అలాగని బారెట్‌ను వాళ్ళు మరిచిపోయారా? 1970లో వచ్చిన అతని రెండు సొంత ఆల్బములూ పూర్తి కావడానికి నిర్మాతలుగా చెయ్యి వేసింది పాత మిత్రులే. మొదటిదాంట్లో గిల్మోర్, వాటర్స్. రెండోదాంట్లో గిల్మోర్, రైట్. 1975లో "విష్ యూ వర్ హియర్" వచ్చింది. అందులోని పెద్ద పాట అతని గురించే. ఆ ఏడు జూన్ 5న వాళ్ళు ఆబీ రోడ్ స్టూడియోలో ఉండగా లావెక్కి, కనుబొమలు కూడా గొరిగించుకున్న మనిషొకడు లోపలికి వచ్చాడు. అతడే బారెట్ అని పోల్చుకోవడానికి వాళ్ళకు చాలాసేపు పట్టింది. ఈ సంఘటనను చాలామంది ఒక వింతకథగా చెప్పుకుంటారు. నాకు అందులో కనిపించేది వేరు. తమలోంచి పోయినవాణ్ణి అనుకరించకుండా, అతని లేమినే వస్తువుగా చేసుకుని అతని గురించి పాడారు. పోయినవాడికి సాటి సంగీతకారులు ఇవ్వగలిగింది అంతకన్నా ఏముంటుంది?

ఇక చరిత్ర చేసే ఎగతాళి చూడండి. బారెట్ లేకుండా పింక్ ఫ్లాయిడ్ సాధ్యమేనని నిరూపించినవాళ్ళలో అగ్రగణ్యుడైన రోజర్ వాటర్స్, 1985 చివర తాను బయటికి వచ్చి, తాను లేని పింక్ ఫ్లాయిడ్ ఉండటానికి వీల్లేదని కోర్టుకెక్కాడు. 1987 చివరలో రాజీ కుదిరింది. ఆ దావా వెయ్యడం తప్పేనని 2013లో బీబీసీతో తానే ఒప్పుకున్నాడు. అయితే అతడు వెళ్ళాక 1987లో వచ్చిన ఆల్బమ్ గొప్పదని నేను వాదించను. పింక్ ఫ్లాయిడ్ లాగా వినిపించాలని పింక్ ఫ్లాయిడే ప్రయాసపడుతున్నట్టు ఉంటుంది. రిక్ రైట్ అప్పటికి పూర్తి సభ్యుడు కూడా కాదు. 1994 నాటి "డివిజన్ బెల్" దానికంటే ఎంతో నయం. ఎందుకంటే, రైట్ మళ్ళీ కూర్చుని పాటలు కట్టాడు, ఒక పాట ప్రధాన గాయకుడిగా పాడాడు. ఒకే బృందం, పోయినవాడూ ఒకడే, ఫలితాలు మాత్రం రెండు. కాబట్టి నిర్ణయించేది పోయినవాడి గొప్పతనం ఒక్కటే కాదు. మిగిలినవాళ్ళు ఒకరికొకరు ఎంత చోటిచ్చుకున్నారన్నది కూడా.

* * *

ఈ సూత్రానికి మంచి నిదర్శనం 1980వ సంవత్సరం. ఆ ఒక్క ఏడాదిలోనే మూడు బృందాలు తమ మనుషులను పోగొట్టుకున్నాయి. బోనమ్ సంగతి చెప్పాను. మిగతా రెండూ చెబుతాను.

ఫిబ్రవరి 19న బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయాడు. కొద్ది వారాల్లోనే ఏసీడీసీ వాళ్ళు న్యూకాజిల్ ప్రాంతపు గాయకుడు బ్రయన్ జాన్సన్‌ను తీసుకున్నారు. జూలైకల్లా "బ్యాక్ ఇన్ బ్లాక్" బయటికొచ్చింది. ఇంత తొందరా అని ముక్కున వేలేసుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ ఆ ఆల్బమ్ అట్ట నల్లగా ఉంటుంది, తొలిపాట మొదట్లో గంట మోగుతుంది. అది సంతాపం. జాన్సన్‌ని స్కాట్ లాగా పాడమని వాళ్ళు అడగలేదు. అతని గొంతు వేరు, తీరు వేరు. మారనిదేమిటంటే కింద పునాదిగా ఉన్న మాల్కం యంగ్ రిథమ్ గిటారు. ఆ బృందపు వెన్నెముక మైకు దగ్గర లేదు. 2014లో మతిమరపు జబ్బుతో మాల్కం తప్పుకున్నప్పుడు, 2017లో అతడు పోయినప్పుడు, ఆ బృందం పోగొట్టుకున్నది స్కాట్‌కన్నా తక్కువదేమీ కాదు. అయినా ఆ సంగతి గురించి జరిగిన చర్చ ఎంత?

మే 18న జాయ్ డివిజన్ గాయకుడు ఇయన్ కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. మర్నాడు వాళ్ళు తొలి అమెరికా పర్యటనకు బయలుదేరాలి. తమలో ఎవరు తప్పుకున్నా ఆ పేరు వాడకూడదని వాళ్ళు ముందే అనుకున్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు. న్యూ ఆర్డర్ అని కొత్త పేరు పెట్టుకున్నారు. గిలియన్ గిల్బర్ట్ వచ్చి చేరింది. 1981 నాటి మొదటి ఆల్బమ్ "మూవ్‌మెంట్" వినండి. కర్టిస్ నీడ ఇంకా వదల్లేదు. పాడేవాళ్ళు తెలిసో తెలియకో అతని గొంతునే వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. 1983 మార్చిలో "బ్లూ మండే" వచ్చేసరికి ఆ నీడ లేదు. డ్రమ్ మెషీన్, సీక్వెన్సర్, నృత్యశాలల లయ. గాయకుడు కావాలని ఎన్నడూ అనుకోని బెర్నార్డ్ సమ్నర్, తన సొంత బలహీనమైన గొంతుతో, దాన్ని దాచుకోకుండా పాడాడు. పన్నెండంగుళాల సింగిల్స్‌లో అంతగా అమ్ముడైనది మరొకటి లేదు. దుఃఖాన్ని సరుకు చేసుకునే అవకాశం చేతిలో ఉండి కూడా వద్దనుకున్నవాళ్ళకు దక్కిన ఫలమిది.

వాళ్ళు మాత్రం దేవతలా అంటే, కారు. 2007లో బాస్ గిటారిస్టు పీటర్ హుక్ విడిపోయాడు. 2011లో మిగిలినవాళ్ళు అతను లేకుండానే న్యూ ఆర్డర్ పేరు మీద మళ్ళీ కలిశారు. 2015లో హుక్ దావా వేశాడు, 2017లో రాజీ అయ్యింది. చనిపోయినవాడి కోసం పేరు వదులుకున్నవాళ్ళు, బతికున్నవాడితో పేరు కోసం కొట్లాడుకున్నారు. మృతుడి పట్ల ఔదార్యం చూపడం కంటే సజీవుడి పట్ల న్యాయంగా ఉండడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ కష్టానికి పరాకాష్ఠ మెటాలికా. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు బోల్తాపడి క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. సుమారు నెల రోజులకే జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988లో "అండ్ జస్టిస్ ఫర్ ఆల్" వచ్చింది. అందులో అతడు వాయించిన బాస్ గిటారు దాదాపు వినిపించదు! చెవులు రిక్కించినా అంతే. మనిషిని తీసుకున్నారు, కుర్చీలో కూర్చోబెట్టారు, అతని శబ్దాన్ని మాత్రం లోపలికి రానివ్వలేదు. పద్నాలుగేళ్ళ తరువాత, 2001 జనవరిలో, న్యూస్టెడ్ వెళ్ళిపోయాడు. బర్టన్ పట్ల వాళ్ళ శోకం నిజమైనదే, అనుమానం లేదు. కానీ ఆ శోకపు ఖర్చు ఎవరు భరించారు? అతని మరణంతో ఏ సంబంధమూ లేని, అతణ్ణి ఆరాధించిన ఒక కొత్త కుర్రాడు. "అతడు లేకపోతే అది ఆ బృందమే కాదు" అన్న వాదం చివరికి తేలేది ఇక్కడే. ఆ మాట అనే అభిమాని ప్రతిసారీ అలాంటి ఒక కొత్త మనిషి వాయించేదాన్ని వినబడకుండా నొక్కేస్తున్నాడు.

* * *

ఇంతవరకూ ఒక పక్షాన్నే దుయ్యబట్టాను. రెండో పక్షం కూడా ఉంది. పేరు ఉంటే చాలు, ఎవరున్నా ఒకటే అనే పక్షం. లినర్డ్ స్కినర్డ్ బృందం 1977 అక్టోబరు 20న విమాన ప్రమాదంలో గాయకుడు రానీ వాన్ జాంట్‌తో సహా పలువురిని పోగొట్టుకుంది. 1987లో అతని తమ్ముడు జానీ గాయకుడిగా మళ్ళీ మొదలైంది. 2023 మార్చిలో గారీ రాసింగ్టన్ పోవడంతో వ్యవస్థాపకుల్లో ఒక్కరూ మిగల్లేదు. అయినా పేరు ఆగలేదు. డోర్స్ బృందం సంగతి మరీ చెప్పుకోదగ్గది. 1971 జూలైలో జిమ్ మారిసన్ పోయాక మిగిలిన ముగ్గురూ రెండు ఆల్బములు చేసి, 1973లో ఆపేశారు. అవి ఓడిపోయాయి, కానీ నిజాయితీగా ఓడిపోయాయి. సొంత గొంతులతో, సొంత పాటలతో. మూడు దశాబ్దాల తరువాత అందులో ఇద్దరు మరో గాయకుణ్ణి పెట్టుకుని "ఇరవై ఒకటవ శతాబ్దపు డోర్స్" అని బయలుదేరారు. పాత పాటలే, పాత పేరే. డ్రమ్మరు జాన్ డెన్స్‌మోర్ కోర్టుకు వెళ్ళి 2005లో ఆ పేరు వాడకుండా ఆపించాడు. సాటి మిత్రుల మీద దావా వేసినందుకు అతణ్ణి తిట్టినవాళ్ళున్నారు. నేను అతని పక్షం.

మరైతే వాటర్స్ దావా తప్పు, డెన్స్‌మోర్ దావా ఒప్పు ఎలా అవుతాయి అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. దీనికి జవాబు మన ఇంట్లోనే ఉంది.

తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో గతించారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఆ తరువాత ముప్పై ఏళ్ళు జీవించారు. సహచరుడు పోయాక కూడా తన కవిత్వాన్ని జంట పేరుతోనే ప్రకటించారు. ఒక్కడు రాసిన పద్యానికి ఇద్దరి పేరు! మన శుద్ధతావాదులు దీనికేమంటారు? హిందీ సినిమా సంగీతంలో 1971లో జైకిషన్ పోయాక శంకర్ కూడా 1987లో తాను పోయేదాకా జంట పేరును వదల్లేదు. ఇక్కడ ఆలోచించవలసింది పేరు ఉంచారా, తీశారా అని కాదు. ఆ పేరు వల్ల ఎవరి సొమ్ము ఎవరికి చేరుతోంది అని. చెళ్ళపిళ్ళవారు తన కొత్త కష్టంలో సగం కీర్తిని పోయిన మిత్రునికి ధారపోశారు. ఆ డోర్స్ ఇద్దరూ కొత్త కష్టమేమీ లేకుండా పోయిన మిత్రుని కీర్తిని టిక్కెట్లుగా కోసి అమ్మబోయారు. పేరు నిలుపుకోవడమనే పని ఒకటే, కానీ ఒకటి తర్పణం, మరొకటి ఆస్తి పంపకం.

క్వీన్ వాళ్ళ పద్ధతి మధ్యస్థం. ఫ్రెడీ మెర్క్యురీ 1991 నవంబరులో పోయాడు. 1997 తరువాత బాస్ గిటారిస్టు జాన్ డీకన్ విరమించుకున్నాడు. మిగిలిన ఇద్దరు వేరే గాయకులతో వేదికలెక్కినప్పుడు "క్వీన్ ప్లస్ పాల్ రాడ్జర్స్" అన్నారు, తరువాత "క్వీన్ ప్లస్ ఆడమ్ లాంబర్ట్" అన్నారు. ఆ కూడిక గుర్తు చిన్నదే, దానిలోని మర్యాద పెద్దది. ఈ వచ్చినవాడు అతను కాడు, మేము అలా నటించబోవడం లేదు అని టిక్కెట్టు మీదే చెప్పేస్తుంది. వచ్చినవాడికి సొంత పేరు దక్కుతుంది, పోయినవాడి చోటు అలాగే ఉంటుంది.

నా కొలబద్ద ఇదీ. ఒక మనిషి పోయాక బృందం మారిందా, మారలేదా అన్నది విచారణలో మొదటి ప్రశ్న కాకూడదు. ఫ్లాయిడ్ మారింది, ఏసీడీసీ మారలేదు, రెండూ నిలిచాయి. అడగవలసినవి మూడు. మునుపు సాధ్యం కాని కొత్త పని ఏదైనా చేశారా? కొత్తగా వచ్చినవాణ్ణి వినిపించనిచ్చారా? పోయినవాడికి ఇస్తున్నారా, పోయినవాడి నుంచి తీసుకుంటున్నారా? ఈ మూడు ప్రశ్నల ముందు వాటర్స్ దావా నిలవదు, ఎందుకంటే గిల్మోర్, మేసన్ కొత్త పాటలు కడుతున్నారు, మంచివో చెడ్డవో. డెన్స్‌మోర్ దావా నిలుస్తుంది.

అభిమాని బాధకు విలువ లేదా అంటారేమో. ఉంది. ఇష్టమైన గొంతు మళ్ళీ వినబడదని తెలిసినప్పటి వెలితిని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. పాత ఆల్బమ్ పెట్టుకుని ఎన్నిసార్లయినా వినండి, కొత్తది కొనకండి, కచేరీకి వెళ్ళకండి. అది మీ స్వేచ్ఛ. కానీ మీ బాధను కొలమానంగా చూపించి, ఆ బాధను మీకంటే దగ్గరగా అనుభవించినవాళ్ళను ద్రోహులనకండి. మీరు పోగొట్టుకున్నది ఒక గొంతు. వాళ్ళు పోగొట్టుకున్నది ఒకే వ్యానులో పక్కన కూర్చుని ప్రయాణించిన మనిషిని. అతని తరువాత ఏం వాయించాలో, అసలు వాయించాలో వద్దో తేల్చుకునే మొదటి హక్కు వాళ్ళది.

వాళ్ళు మళ్ళీ వాయిస్తే, మన పని ఒక్కటే. ముందు వినడం. తీర్పు ఆ తరువాత.